"అర్థమైందా?" అని అడిగే బదులు: పిల్లల అభిప్రాయం తీసుకుని పాఠం దిద్దుకోవడం ఎలా?

పాఠం ముగిశాక "అర్థమైందా?" అని అడుగుతాం. "అర్థమైంది సార్" అని నలభై గొంతులు ఒక్కసారిగా పలుకుతాయి. పది రోజుల తర్వాత, ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే సగం మందికి అర్థం కాలేదని తెలుస్తుంది. పిల్లలు మనల్ని మోసం చేశారని అనుకోనక్కర్లేదు. అర్థం కాలేదని లేచి చెబితే పక్కవాళ్లు తలతిప్పి చూస్తారు. సార్‌కు కోపం వస్తుందేమోనని భయం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పిన మర్యాద ఒకటి. ఇవన్నీ కలిస్తే ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర మిగిలే జవాబు అదొక్కటే.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు గణితం చెబుతాను. కొన్నేళ్లుగా పిల్లల చేత పేరు లేని చీటీలు రాయించి, వాటిని బట్టి పాఠం చెప్పే తీరు మార్చుకుంటున్నాను. అమెరికా కళాశాలల్లో "ఒక నిమిషం కాగితం" అనే పేరుతో ఇలాంటి పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. మన బడికి తగినట్టు దాన్ని ఎలా మలచుకోవచ్చో చెబుతాను. కావలసినవల్లా నోటుపుస్తకం కాగితాన్ని నాలుగుగా చింపిన ముక్కలు, ఒక అట్టపెట్టె, ఏడు నిమిషాల సమయం.

ఒక మాట ముందే చెప్పాలి. చీటీలు రాయించడం ఈ పనిలో చిన్న భాగం. మర్నాడు తరగతిలో నిలబడి "మీరు ఇది రాశారు, నేను ఇది మారుస్తున్నాను" అని చెప్పడం పెద్ద భాగం. అది చేసే ఉద్దేశం లేకపోతే చీటీలు రాయించకండి. అడిగి పట్టించుకోకపోతే పిల్లలు రెండోసారి మనసు విప్పరు.

తరగతిని, రోజును ఎంచుకోండి

మొదటిసారి ఒక్క సెక్షన్‌తోనే చేయండి. ఐదు సెక్షన్లలో ఒకేసారి రాయిస్తే రెండు వందల చీటీలు పోగవుతాయి, అవి బ్యాగులోనే ఉండిపోతాయి. మీకు కాస్త చనువున్న సెక్షన్‌తో మొదలుపెట్టడం మంచిది.

చాలామంది ఉపాధ్యాయులు విద్యాసంవత్సరం చివర, ఏప్రిల్‌లో అడుగుతారు. అప్పుడు వచ్చిన మాట వల్ల ఏదైనా మేలు జరిగితే అది వచ్చే ఏడాది పిల్లలకు జరుగుతుంది, చెప్పిన పిల్లలకు జరగదు. అధ్యాయం సగంలో ఉండగా అడగండి. పరీక్ష పేపర్లు పంచిన వారంలో వద్దు, ఎందుకంటే ఆ చీటీల నిండా మార్కుల బాధే ఉంటుంది. చివరి పీరియడ్‌లో అందరి చెవులూ గంట మీద ఉంటాయి, మధ్యాహ్నానికి ముందు పీరియడ్‌లో భోజనం వాసన వస్తుంటుంది. ఉదయం రెండో పీరియడ్ నాకు బాగా కుదిరింది. పీరియడ్ చివర ఏడు నిమిషాలు మిగిలేలా చూసుకోండి.

ప్రశ్న మీ గురించి ఉండకూడదు, పాఠం గురించి ఉండాలి

నేను మొదటిసారి రాయించినప్పుడు "నా బోధన ఎలా ఉంది? ఏమి మార్చుకోవాలి?" అని అడిగాను. ముప్ఫైఎనిమిది చీటీల్లో ముప్ఫైకి పైగా "మీరు చాలా బాగా చెబుతారు సార్" అని వచ్చింది. ఒక అమ్మాయి కింద పువ్వు బొమ్మ కూడా వేసింది. చూడటానికి ముచ్చటగానే ఉన్నా వాటిలో నాకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. తప్పు ప్రశ్నలో ఉంది. పదమూడేళ్ల పిల్లను ఉపాధ్యాయుడి మీద తీర్పు చెప్పమంటే ఇంతకు మించి ఏమి రాస్తుంది?

అందుకే పిల్లలను సాక్షులుగా అడగాలి. నిన్నటి పాఠంలో తమకు ఏమి జరిగిందో వాళ్లకు తెలుసు, అది చెప్పడానికి మర్యాద అడ్డు రాదు. ఇప్పుడు నేను అడిగే మూడు ప్రశ్నలు ఇవి. నల్లబల్ల మీద ఇలాగే రాస్తాను:

1. ఈ వారం చెప్పిన పాఠంలో ఏ లెక్క దగ్గర, ఏ వరుస దగ్గర మీకు దారి తప్పింది?
2. ఆ సమయంలో సార్ ఏమి చేస్తున్నారు? (రాస్తున్నారా, తుడుస్తున్నారా, వేరొకరిని అడుగుతున్నారా, ముందుకు వెళ్లిపోయారా?)
3. మీకు బాగా అర్థమైన లెక్క ఒకటి రాయండి. అది ఎలా అర్థమైంది? (సార్ చెప్పగానేనా, స్నేహితులు చెప్పాకనా, ఇంట్లో మళ్లీ చేశాకనా?)

రెండో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. మూడోది మొదట్లో ఉండేది కాదు. లోపాలే అడుగుతూ పోతే పిల్లలకు ఇబ్బందిగా ఉంటోందనిపించి చేర్చాను. తీరా చూస్తే "స్నేహితులు చెప్పాక" అన్న జవాబే ఎక్కువగా వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పాఠంలో ఐదు నిమిషాలు పక్కవాళ్లకు వివరించడానికి వదులుతున్నాను.

మీ సబ్జెక్టుకు తగినట్టు మాటలు మార్చుకోండి. తెలుగు పాఠమైతే "ఏ పద్యపాదం దగ్గర", సాంఘికమైతే "ఏ పటం దగ్గర" అని అడగవచ్చు. ఒకే సూత్రం గుర్తుంచుకోండి: పిల్లలు వేలు పెట్టి చూపించగలిగిన చోటును అడగాలి. "ఎలా ఉంది", "నచ్చిందా" అనే ప్రశ్నలు వద్దు.

ఏ భాషలో రాయాలో కూడా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ మార్పు వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. చీటీ ఏ భాషలో రాయాలో చెప్పకపోతే పిల్లలు తమకు వచ్చిన ఒకటి రెండు ఇంగ్లీషు వాక్యాలు రాసి ఊరుకుంటారు. "తెలుగులో రాయండి, ఇంట్లో మాట్లాడినట్టు రాయండి, తప్పులు చూడను" అని స్పష్టంగా చెప్పండి. ఉర్దూలో రాయగలిగిన వాళ్లను ఉర్దూలోనే రాయనివ్వండి, చదివి పెట్టడానికి ఆ భాష తెలిసిన తోటి ఉపాధ్యాయులు దొరుకుతారు.

పేరు రాయవద్దంటే సరిపోదు

పేరు లేకపోయినా చేతిరాత ఉంటుంది. ఏడాదంతా నోటుపుస్తకాలు దిద్దే మనకు అక్షరం చూడగానే మనిషి కనబడతాడు, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. అందువల్ల "ఎవరు రాశారో నాకు తెలియదు" అని చెప్పకండి. "ఎవరు రాశారో వెతకను, ఎవరినీ అడగను, చదివింది ఈ గది దాటి వెళ్లదు" అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోవడం మీ చేతిలో ఉంటుంది.

ఈ విషయంలో నేను ఒక తప్పు చేశాను, ఇప్పటికీ బాధ కలుగుతుంది. రెండో ఏడాది, చీటీల్లో ఒకటి చాలా చక్కగా రాసి ఉందని తరగతిలో ఉన్నదున్నట్టు చదివాను. మెచ్చుకోవాలనే చదివాను. "ఋణ సంఖ్యను ఋణ సంఖ్యతో గుణిస్తే ధనం ఎందుకు అవుతుందో ఆరో తరగతి నుంచి నాకు తెలియదు, అడగడానికి సిగ్గు" అని ఉంది అందులో. ఆ మాటతీరును బట్టి రాసింది ఎవరో తరగతికి తెలిసిపోయింది. వెనక బెంచీలో నవ్వు మొదలైంది. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. తర్వాత విడిగా పిలిచి క్షమించమని అడిగాను. కానీ ఆ ఏడాది చివరిదాకా అతను పెట్టెలో వేసిన ప్రతి చీటీ తెల్లగానే ఉంది.

అప్పటి నుంచి ఏ చీటీనీ ఉన్నదున్నట్టు చదవను. నలుగురైదుగురు రాసిన దాన్ని కలిపి నా మాటల్లో చెబుతాను. చీటీలు సేకరించే పని క్లాస్ లీడర్‌కు అప్పగించను, ఎందుకంటే దారిలో విప్పి చదివే అవకాశం ఉంటుంది. అట్టపెట్టెకు పైన చీలిక పెట్టి తలుపు దగ్గర ఉంచుతాను. గంట కొట్టాక బయటికి వెళుతూ వేస్తారు. రాస్తున్నప్పుడు బెంచీల మధ్య తిరగను, కిటికీ దగ్గర నిలబడతాను. పదిహేను మందికి మించని చిన్న తరగతి అయితే ఇవేవీ పనిచేయవు. అక్కడ లెక్కల వరుసలు ముద్రించిన కాగితం ఇచ్చి, దారి తప్పిన చోట సున్నా చుట్టమనండి. చేతిరాత సమస్యే ఉండదు.

రాయలేని పిల్లల మాట ఎలా వినాలి?

ఎనిమిదో తరగతికి వచ్చినా నాలుగు వాక్యాలు రాయడానికి కష్టపడే పిల్లలు ఉంటారు. మనం ఎక్కువగా వినవలసింది వాళ్లనే, చీటీ పద్ధతిలో మొదట తప్పిపోయేదీ వాళ్లే. అలాంటి తరగతుల్లో నేను నిన్నటి లెక్కను నల్లబల్ల మీద పూర్తిగా వేసి, వరుసలకు 1, 2, 3 అని అంకెలు వేస్తాను. చీటీ మీద ఒక్క అంకె రాస్తే చాలు. ఏ వరుసకు ఎన్ని చీటీలు వచ్చాయో లెక్కపెడితే పాఠం ఎక్కడ విరిగిందో కళ్లముందు కనబడుతుంది. నిజానికి అందరూ రాయగలిగిన తరగతిలో కూడా కొన్నిసార్లు నేను ఇదే వాడతాను, ఎందుకంటే చదవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

చదివే పద్ధతి

అదే పూట చదవకండి. తర్వాతి పీరియడ్‌కు ఆ మనసుతో వెళ్లవలసి వస్తుంది. స్టాఫ్ రూంలో అసలే విప్పకండి. సాయంత్రం ఇంట్లో, టీ తాగాక, ఒకసారి అన్నీ వరుసగా చదవండి, ఏమీ రాసుకోవద్దు. కొన్ని మాటలు గుచ్చుకుంటాయి. "సార్ తెలివైన వాళ్లనే అడుగుతారు" అన్న చీటీ వచ్చిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు నా ప్రశ్నలకు ఎవరెవరు జవాబు చెప్పారో హాజరు పట్టీ పక్కన గుర్తు పెట్టుకున్నాను. నలభై మందిలో అవే ఏడు పేర్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. రాసిన పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

రెండోసారి చదివేటప్పుడు చీటీలను మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, రేపటి నుంచే మార్చగలిగినవి: బోర్డుకు అడ్డంగా నిలబడటం, త్వరగా తుడిచేయడం, అక్షరాలు చిన్నగా ఉండటం. రెండో కుప్ప, పాఠాన్నే మళ్లీ ఆలోచించవలసినవి. మూడో కుప్ప మన చేతిలో లేనివి: ఫ్యాను తిరగకపోవడం, పక్క గది గోల, సిలబస్ బరువు. మూడో కుప్పను ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకువెళ్లండి, తీసుకువెళ్లానని పిల్లలకు చెప్పండి.

సాధారణంగా ఎక్కువమంది రాసినదానికి ఎక్కువ బరువు ఇవ్వాలి. కానీ రెండు రకాల చీటీలకు ఈ లెక్క వర్తించదు. బోర్డు కనబడటం లేదని ఒక్కరు రాసినా వదలకూడదు. తరగతి మొత్తాన్ని వెనక బెంచీ నుంచి బోర్డు మీది వరుస చదివించండి, కళ్లు చిట్లించే పిల్లలను గమనించి, ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం (ఆర్‌బీఎస్‌కే) కింద బడికి వచ్చే వైద్య బృందానికి చూపించండి. ఇక రెండో రకం, పిల్లల మీద ఎవరైనా చేయి చేసుకుంటున్నారని, అసభ్యంగా ప్రవర్తిస్తున్నారని రాసిన చీటీ. ఇది పాఠానికి సంబంధించిన విషయం కాదు, మనలో దాచుకునేదీ కాదు. విద్యాహక్కు చట్టం, 2009 పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సలహాకు, సహాయానికి పిల్లల సహాయవాణి నంబరు 1098 ఉంది. "చదివింది ఈ గది దాటదు" అని ముందు మాట ఇస్తాం కాబట్టి, "మీలో ఎవరికైనా ఆపద ఉందని తెలిస్తే మాత్రం సాయం చేయగలిగిన వాళ్లకు చెబుతాను" అని కూడా అప్పుడే చెప్పి ఉంచండి.

ఒక చీటీ, ఒక పాఠం

రెండో కుప్పతో ఏమి చేయాలో ఒక ఉదాహరణ చూపిస్తాను. ఎనిమిదో తరగతిలో రేఖీయ సమీకరణాలు చెబుతున్నాను. 2ఎక్స్ + 7 = 15 అనే లెక్క. "7ను అటువైపు పంపితే గుర్తు మారుతుంది" అని చెప్పి, 2ఎక్స్ = 15 – 7 అని రాసి, ముందుకు వెళ్లాను. నేనూ చిన్నప్పుడు అలాగే నేర్చుకున్నాను. ఆ వారం చీటీల్లో పదకొండు మంది ఆ వరుసనే చూపించారు. ఒకరు ఇలా రాశారు: "7 అటు వెళ్లగానే గుర్తు ఎందుకు మారింది? 2 అటు వెళ్తే మాత్రం కిందకు ఎందుకు వెళ్లింది? నేను ఆలోచిస్తుండగానే తుడిచేశారు."

ఆ మూడు వాక్యాల్లో నా పాఠంలోని లోపమంతా ఉంది. అంకె అటూ ఇటూ నడిచివెళ్లడం అనేది జరగనే జరగదు. రెండు వైపుల నుంచీ 7 తీసేస్తున్నాం, రెండు వైపులనూ 2తో భాగిస్తున్నాం. ఆ నిజాన్ని దాచి, "పంపించడం" అనే అడ్డదారి నేర్పాను. మర్నాడు కిరాణా కొట్టు నుంచి తక్కెడ అడిగి తెచ్చాను. ఒక పళ్లెంలో ఒకే బరువున్న రెండు చిన్న సంచులు, ఏడు గోళీలు, రెండో పళ్లెంలో పదిహేను గోళీలు. సంచి ఒక్కోదానిలో నాలుగు గోళీలు ముందే వేసి కట్టాను, పలచని ప్లాస్టిక్ సంచి కాబట్టి దాని బరువు తక్కెడకు తెలియలేదు. ఒక అమ్మాయి వచ్చి ఒకవైపు నుంచి ఏడు గోళీలు తీసింది. తక్కెడ వాలింది. "ఇప్పుడేమి చేయాలి?" అని అడగకముందే మూడో బెంచీ నుంచి "అటు కూడా తీయాలి" అని కేక. నల్లబల్ల మీద రెండు వైపులా – 7 రాశాను. ఆ తర్వాతే, దీన్నే అటువైపు పంపడం, "పక్షాంతరం" అంటారని చెప్పాను. దీనికి ఒక పీరియడ్ పూర్తిగా పట్టింది, సిలబస్‌లో ఒక రోజు వెనకబడ్డాను. ఆ రోజును తర్వాతి అభ్యాసంలో కూడదీసుకున్నాను, ఎందుకంటే అక్కడ వివరించవలసింది తక్కువే మిగిలింది.

మర్నాడు ఐదు నిమిషాలు

పాఠం మొదలుపెట్టే ముందు మూడు విషయాలు చెప్పండి. విన్నది ఏమిటి, మార్చేది ఏమిటి, మార్చలేనిది ఏమిటి, ఎందుకు. నేను ఇలా అన్నాను: "మీ చీటీలన్నీ చదివాను. వేగంగా తుడిచేస్తున్నానని చాలామంది రాశారు. ఇక నుంచి ఎడమ సగం తుడిచే ముందు అడుగుతాను. ఒకే ఏడుగురిని అడుగుతున్నానన్నది నిజం, చూసుకున్నాను. ఇంటిపని వద్దన్నారు. అది మానను, ఎందుకంటే లెక్కలు చేత్తో చేయకపోతే నిలవవు. కానీ పది లెక్కల్లో ఆరు చేస్తే చాలు, ఏ ఆరు చేయాలో మీరే ఎంచుకోండి."

సంజాయిషీ ఇవ్వకండి. "సిలబస్ ఎక్కువ కాబట్టి వేగంగా వెళ్లాను" అని మొదలుపెడితే పిల్లలకు వినబడేది "మీరు రాసింది తప్పు" అనే. అడిగినదంతా ఒప్పుకోవడం కూడా వద్దు. కారణం చెప్పి కాదంటే పిల్లలు గౌరవంగా తీసుకుంటారు, నేను ప్రతిసారీ చూశాను.

ఒకసారికి ఒక్క మార్పు, మళ్లీ ఒక పరీక్ష

చీటీలు చదివిన ఉత్సాహంలో ఐదారు మార్పులు తలపెడతాం. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలదు. ఒకటి ఎంచుకుని మూడు వారాలు నిలబెట్టండి. ఏది ఎంచుకోవాలో తోచకపోతే దీనితో మొదలుపెట్టండి: ప్రశ్న అడిగాక ఆగడం. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల రికార్డింగులు విని, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. మూడు సెకన్లు అంటే వినడానికి తక్కువే. తరగతి ముందు నిలబడి మౌనంగా లెక్కపెడితే ఎంత పొడవో తెలుస్తుంది. సుద్దముక్క పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని, ఆ తర్వాత పేరు పిలవండి. చేతికి పని ఉంటే ఆగడం తేలిక.

మూడు వారాల తర్వాత, మీరు ఎంచుకున్న మార్పు గురించి ఒకే ప్రశ్నతో మళ్లీ చీటీ రాయించండి. నేను ఇలా అడిగాను: "బోర్డు తుడిచే విషయంలో మార్పు వచ్చిందా? ఎప్పుడు మరిచిపోతున్నాను?" రెండో సగం తప్పకుండా అడగండి. గంట కొట్టే ముందు ఐదు నిమిషాల్లో నేను పాత అలవాటుకు వెళ్లిపోతున్నానని అలాగే తెలిసింది. చీటీలతో పాటు జవాబు పత్రాలూ చూడండి. వేగంగా తుడవడం మానేశానని అందరూ రాసినా సమీకరణాల్లో గుర్తుల తప్పులు అలాగే ఉంటే, అసలు కారణం వేరేచోట ఉందని అర్థం. అప్పుడు ఆ తప్పు చేసిన ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుని, లెక్క చేస్తూ బయటికి చెప్పమనండి.

చదివిన చీటీలను పారేయకండి. అధ్యాయం పేరు, తేదీ రాసిన కవరులో వేసి బీరువాలో తాళం వేసి ఉంచండి. చెప్పాలనుకున్న మార్పును పాఠ్యపథకం పక్కన ఒక వరుసలో రాసుకోండి. జూన్‌లో బడి తెరిచాక, అదే అధ్యాయం కొత్త పిల్లలకు చెప్పబోయే ముందు రోజు రాత్రి ఆ కవరు విప్పి ఒకసారి చదవండి.